పక్కన కాస్త చోటు

(చెన్నై మైలాపూరులో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని దాదాపు మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన అంశం చాలా పెద్దది. మనుషుల దగ్గర నేర్చుకున్న జీవిత పాఠాల గురించి మాట్లాడమన్నారు. నేను టీచర్ని కాను. మద్రాసు ప్రెస్సుల్లో ప్రూఫ్ రీడర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. ఇంట్లో కోడలిగా, తల్లిగా, ఇప్పుడు అమ్మమ్మగా ఉన్నదాన్ని. వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు బాగా ఉపయోగపడినవాళ్లు ఎవరూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పినవాళ్లు కారు. వాళ్ల పని వాళ్లు చేసుకుంటూ, పక్కన నన్ను ఉండనిచ్చారు. ఈ పూట నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే. పెద్దవాళ్లు పక్కన కాస్త చోటు ఇవ్వడం, చిన్నవాళ్లు ఆ చోట్లో కుదురుగా కూర్చోవడం. ఈ మధ్య మన ఇళ్లలో అది తగ్గిపోతోందని నా బెంగ.

ఈ మైలాపూరుతోనే మొదలుపెడతాను. ఇక్కడికి దగ్గర్లోనే రాధాకృష్ణన్ సాలై ఉంది. పాతవాళ్లకు అది ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇల్లు 'గిరిజ' ఆ రోడ్డు మీదే. ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో తత్వశాస్త్రం ఎందుకు తీసుకున్నారో మీలో కొందరు వినే ఉంటారు. అదే కాలేజీలో ఆ చదువు ముగించిన బంధువు ఒకాయన తన పుస్తకాలు ఈయనకిచ్చారు. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని ఇల్లు. చేతికి ఏ పుస్తకాలు వచ్చాయో ఆ చదువే చదివారు. 1962 నుంచి సెప్టెంబరు 5న దేశమంతా గురువుల్ని తలుచుకుంటోంది. ఆ రోజున నాకు ఆ బంధువు కూడా గుర్తొస్తాడు. పుస్తకాలు పాతపేపర్లవాడికి వేయకుండా ఇంట్లో చిన్నవాడికి ఇచ్చాడు చూడండి, అలాంటివాళ్లకు సన్మానాలు జరగవు. కానీ మన బతుకుల్ని మలుపు తిప్పేది ఎక్కువగా వాళ్లే.

ఇక నా సంగతి. పెళ్లయ్యాక నెల్లూరు జిల్లా నుంచి ఇక్కడికి వచ్చాను. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి అప్పటికే రెండు దశాబ్దాలు దాటింది. అయినా తెలుగు పుస్తకం అచ్చు అంటే మద్రాసే అన్న పేరు ఇంకా పూర్తిగా పోలేదు. వావిళ్ల రామస్వామి శాస్త్రులు గారు ఇక్కడ అచ్చు పని మొదలుపెట్టింది 1854లో. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1914లో ఇక్కడికి తెచ్చి దినపత్రిక చేశారు. అంత చరిత్ర ఉన్న ఊరు కాబట్టి చిన్నచిన్న సందుల్లో కూడా తెలుగు కంపోజింగ్ చేసే ప్రెస్సులు ఉండేవి. రాయపేటలో అలాంటి ఒక ప్రెస్సులో నాకు ఉద్యోగం దొరికింది.

చేత్తో కంపోజింగ్ చేయడం చూడనివాళ్ల కోసం కాస్త చెబుతాను. మన అక్షరాలకు గుణింతాలు, వత్తులు ఉంటాయి కదా, వాటికి విడివిడిగా సీసపు టైపు ఉండాలి. ఒక్కో రకానికి కేసులో ఒక్కో గడి. కంపోజిటరు ఎడమ చేతిలో స్టిక్కు పట్టుకుని, కుడి చేత్తో ఆ గడుల్లోంచి ఒక్కొక్క అక్షరం ఏరి పేరుస్తాడు. అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. పేర్చిన లైన్లు గ్యాలీ అనే పొడవాటి పళ్లెంలోకి ఎక్కించి, చుట్టూ దారం బిగించి, సిరా రోలరు తిప్పి, కాగితం వేసి తీస్తే, తప్పులు దిద్దడానికి గ్యాలీ ప్రూఫు వస్తుంది. అది నా బల్ల మీదికి వచ్చేది. అచ్చు అయిపోయాక టైపు కిరసనాయిలుతో కడిగి, ఏ అక్షరాన్ని ఆ గడిలో మళ్లీ వేయాలి. దాన్ని డిస్ట్రిబ్యూషన్ అనేవాళ్లు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదట ఆ పనే ఇచ్చేవాళ్లు. ఏ గడి ఎక్కడుందో చేతికి తెలిసిపోవాలని.

మా ఫోర్‌మన్ గారిది ఒంగోలు వైపు. చిన్నతనంలోనే మద్రాసు వచ్చి, కింద పడ్డ టైపు ఏరే పని నుంచి ఫోర్‌మన్ దాకా వచ్చిన మనిషి. నేను చేరిన రోజు ఆయన నాకు ఉద్యోగం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "అమ్మాయ్, కుర్చీ ఇటు లాక్కో" అన్నారు. రాతప్రతి నా చేతికిచ్చి పైకి చదవమన్నారు. నేను చదువుతుంటే ఆయన ప్రూఫు చూసేవారు. చదువుతున్న లైను కింద ఒక అట్టముక్క పెట్టేవారు, కింది లైన్లు కనబడకుండా. పెన్సిలు మొన ఒక్కొక్క అక్షరం మీద ఆగి ముందుకు కదిలేది. ధ, థ. ప, ష. సు, ను. అరిగిపోయిన టైపులో ఇవి ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. నాకు విసుగొచ్చేది, కథ మంచి పట్టులో ఉన్నప్పుడు మరీను. అది కనిపెట్టి ఒకసారి అన్నారు: "అర్థం వెంట పోకు తల్లీ, అక్షరం వెంట పో. అర్థం తెలిసిపోయాక కన్ను తప్పు చూడదు."

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదొక్కటే. మిగతాదంతా పక్కన కూర్చుని చూసిందే. ఒక సంగతి చెబుతాను. ఒకరోజు ఒక గ్యాలీ ప్రూఫు వచ్చింది. దాని మీద నేను మార్కులు పెట్టుకుంటూ పోతున్నాను, మార్జిన్ నిండిపోతోంది. ఆయన ఆ కాగితం తీసుకుని చూశారు. "ఇతను వత్తులు తప్పు పెట్టే మనిషి కాదు. ఇవాళ లైనుకొకటి పెట్టాడు. ఇంట్లో ఏదో అయింది" అన్నారు. నేను కాగితంలో తప్పులు చూశాను, ఆయన మనిషిని చూశారు. లేచి ఆ కంపోజిటరు దగ్గరికి వెళ్లారు. అరవలేదు. పక్కనున్న కేసు దగ్గర నిలబడి, తనూ ఏదో టైపు సర్దుతున్నట్టు సర్దుతూ మెల్లగా మాట్లాడారు. ఆ అబ్బాయి బిడ్డ ముందురోజు రాత్రి నుంచి ఆస్పత్రిలో ఉంది. సెలవు అడిగితే ఆ రోజు కూలి పోతుందని పనికి వచ్చాడు. ఫోర్‌మన్ గారు అడ్వాన్సు ఇప్పించి అతన్ని పంపేశారు. తర్వాత ఆయనే ఆ కేసు ముందు నిలబడి ఆ గ్యాలీ దిద్దారు. అది దిద్దడానికి సాయంత్రం దాకా పట్టింది. దాని గురించి ఆయన ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఎవరితోనూ అనలేదు. నేను ఆ బల్ల దగ్గర లేకపోతే నాకూ తెలిసేది కాదు.

ప్రూఫుల్లో అన్నిటికంటే కష్టమైనది చిన్నప్పుడు బట్టీపట్టిన పద్యం. కన్ను చూసేలోగా నోరు చదివేస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా మనకు నోటికొచ్చిన పద్యాల్లాంటివాళ్లే. ఆయన ఇంతే, అది అంతే, మావాడి సంగతి నాకు తెలీదా అనుకుంటూ చదివేసి పోతుంటాం. ఆ మనిషిలో ఒక అక్షరం మారినా కనబడదు. ఫోర్‌మన్ గారి అట్టముక్కను నేను ఇంట్లో కూడా వాడటానికి ప్రయత్నించాను.

మా అమ్మాయి హైస్కూల్లో ఉన్నప్పటి మాట. సాయంత్రం దాని టిఫిన్ డబ్బా తీస్తే కడిగి ఉండేది. అంతకుముందు ఎప్పుడూ పెరుగన్నం మెతుకులు ఎండిపోయి వచ్చే డబ్బా. మొదట ఒకరోజు, తర్వాత రోజూ. బడిలో నేర్పించారేమో అనుకుని వదిలేయొచ్చు. నాకెందుకో మనసు ఒప్పలేదు. వెంటనే అడగలేదు. దాని జడ వేస్తున్నప్పుడు, మొహం మొహం చూసుకోవాల్సిన అవసరం లేనప్పుడు అడిగాను. క్లాసులో ఒక పిల్ల. తండ్రికి పని పోయింది. ఆ పిల్ల డబ్బా తెచ్చుకోవడం మానేసింది. మా అమ్మాయి తన అన్నంలో సగం పెడుతోంది. తిన్నాక ఆ పిల్ల డబ్బా తీసుకెళ్లి కొళాయి దగ్గర కడుక్కొచ్చి ఇస్తోంది. "నువ్వెందుకు కడగటం, నేను కడుక్కుంటాను అని అనలేదా?" అన్నాను. "అంటే రేపటి నుంచి తినదమ్మా" అంది.

మర్నాటి నుంచి పెద్ద డబ్బా పెట్టాను. ఆ విషయం గురించి మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు. పదమూడేళ్ల పిల్లకు ఆ మాట ఎలా తెలిసిందో మాత్రం నాకు తెలుసు. వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని తెలుసుకుంది.

మా అత్తయ్య గారి గురించి ఇక్కడ చెప్పాలి. ఆ రోజుల్లో చదువు కోసమనో, పాటలు పాడాలనో, సినిమాల్లో ఏదో ఒక పని దొరకాలనో మన కుర్రాళ్లు ఎంతోమంది సెంట్రల్ స్టేషన్లో దిగేవాళ్లు. తెలిసినవాళ్ల ఇళ్లలో వారాలు చేసుకుని, అంటే రోజుకొక ఇంట్లో భోంచేస్తూ, చదువుకునే పద్ధతి అప్పటికి చాలావరకు పోయింది. అయినా మా ఇంటికి గురువారం ఒక అబ్బాయి భోజనానికి వచ్చేవాడు. అత్తయ్య అతన్ని మా మామయ్య పక్కనే, అదే వరసలో కూర్చోబెట్టేది. నేను వడ్డిస్తూ "ఇంకొంచెం కావాలా బాబూ?" అంటే, వంటింట్లోకి పిలిచి చెప్పింది. "అడగకే. కావాలా అంటే వద్దనే అంటాడు. ఆకలిగా ఉన్నవాడికి మొహమాటం ఎక్కువ. వెయ్యి. చాలనుకుంటే చెయ్యి అడ్డం పెడతాడు."

అక్కడితో అయిపోలేదు. భోజనమయ్యాక ఆమె మంచం మీద కూర్చుని, "నాయనా, కళ్లు సరిగ్గా ఆనడంలేదు, కాస్త పేపరు చదివిపెట్టి పో" అనేది. ఆ అబ్బాయి అరగంట పేపరు చదివి, గర్వంగా సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. శుక్రవారం నుంచి బుధవారం దాకా ఆవిడ పేపరు ఆవిడే చదువుకునేది, చిన్న అక్షరాల్లో ఉండే సంతాప ప్రకటనలతో సహా. తిన్న అన్నం తన పనికి బదులు అని ఆ అబ్బాయి అనుకోవాలి, అంతే ఆవిడ కోరిక. మా అమ్మాయి పసితనంలో ఆ మంచం కోడు పట్టుకుని కూర్చుని ఇదంతా చూసేది. ఎవరూ దానికి విడమర్చి చెప్పలేదు. చెప్పి ఉంటే డబ్బా కడిగే పిల్ల దగ్గర అది 'సాయం' చేసేది. చెప్పలేదు కాబట్టి, నానమ్మ చేసినట్టే చేసింది.

ఘంటసాల గారు విజయనగరంలో సంగీతం నేర్చుకుంటున్నప్పుడు ఇల్లిల్లూ తిరిగి మధూకరం తెచ్చుకుని తిన్నారని మనందరికీ తెలుసు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకు విద్య చెప్పారు. మద్రాసు వచ్చిన కొత్తల్లో ఆయన పానగల్ పార్కులో పడుకున్న రాత్రులున్నాయి. గురువు గారి పేరు మనం చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. విజయనగరంలో ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ల పేర్లు మనకు తెలియవు. ఆ గొంతులో వాళ్ల వాటా కూడా ఉంది. పాండీ బజారు వెళ్లినప్పుడల్లా ఆ పార్కు పక్కనుంచి పోతూ నేను వాళ్లను తలుచుకుంటాను.

ఇరుగుపొరుగు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ఈ ఊళ్లో నీళ్ల కరువు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2019 వేసవి మీరూ చూశారు. 1996లో కృష్ణా నీళ్లు ఈ ఊరికి నీళ్లిచ్చే పూండి చెరువుకు చేరాయి. అంతకుముందు వేసవుల్లో మా వీధిలో చేతి పంపు దగ్గర తెల్లవారకముందే బిందెలు వరసలో పెట్టేవాళ్లం. నా వంతు వచ్చేసరికి ప్రెస్సుకు టైమైపోయేది. పక్కవాటాలో ఉన్న తమిళ అక్క "నీ పో, నాన్ పాత్తుక్కరేన్" అనేది. నువ్వెళ్లు, నేను చూసుకుంటానని. ఆ అక్కకు తెలుగు రాదు, నాకు అప్పటికి తమిళం రాదు. సాయంత్రం వచ్చేసరికి మా గుమ్మంలో రెండు బిందెలు మూత పెట్టి ఉండేవి. ఆవిడ వెనకాలే తన్నీర్‌తురై మార్కెట్టుకు వెళ్లి, ఆవిడ బేరమాడుతుంటే పక్కన నిలబడి తమిళం నేర్చుకున్నాను. నా తమిళంలో ఇప్పటికీ కూరగాయల బేరం యాస వినిపిస్తుందని మా అల్లుడు అంటాడు. అది నాకు సంతోషమే, అది ఆ అక్క గొంతు.

గురుకులం గురించి మనవాళ్లు గొప్పగా చెబుతారు. గొప్పదే. మానంబుచావడి వెంకటసుబ్బయ్యర్ త్యాగరాజస్వామి దగ్గర నేర్చుకున్నారు. ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, శాస్త్రి గారి దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, పంతులు గారి దగ్గర బెజవాడలో మన బాలమురళీకృష్ణ గారు. 1847లో సిద్ధి పొందిన త్యాగరాజస్వామికీ, 2016లో ఈ చెన్నైలోనే కన్నుమూసిన బాలమురళి గారికీ నడుమ ముగ్గురే ముగ్గురు మనుషులు! కావేరి ఒడ్డున పుట్టిన పాట కృష్ణ ఒడ్డుకు వెళ్లి, మళ్లీ ఇక్కడికి వచ్చింది. పుస్తకంలో రాసుకుంటే వచ్చే విద్య కాదది. గురువు గారు నిద్ర లేచి గొంతు సవరించుకునేటప్పుడు, కచేరీకి బయల్దేరేటప్పుడు, పాడుతూ ఒకచోట ఆగి మళ్లీ ఎత్తుకునేటప్పుడు పక్కన ఉన్నవాడికి వచ్చేది.

కానీ ఆ పక్కన చోటు ఎవరికి దొరికింది? ఎక్కువగా మగపిల్లలకు. ఆడపిల్లకు వంటింట్లో చోటు దొరికింది. అక్కడ నేర్చుకున్నదాన్ని నేను తక్కువ చేయను, మా అత్తయ్య గురించి ఇప్పుడే చెప్పాను. కానీ అక్కడితో ఆగిపోమన్నారు, అది అన్యాయం. అందుకే నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారంటే ప్రాణం. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల దగ్గర, టికెట్ లేదని నెహ్రూ గారినే ఎగ్జిబిషన్ లోపలికి వదల్లేదన్న కథ అందరూ చెబుతారు. నాకు అంతకంటే పెద్దదిగా కనిపించేది వేరే ఉంది. ఆవిడ చిన్న వయసులోనే హిందీ నేర్చుకుని, వచ్చినంత మేరకు తోటి ఆడవాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. పూర్తిగా వచ్చాక చెబుదామని ఆగలేదు. తర్వాత జైళ్లు. ఆ తర్వాత బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసై, ఎం.ఏ., లా చదివారు. 1937లో ఇదే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. అక్కడ మొదట్లో చేసిన పనుల్లో ఒకటి, ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే ఆడవాళ్లను కూర్చోబెట్టి పాఠాలు చెప్పడం. చదువు ఆగిపోయినవాళ్లు, చిన్నతనంలోనే భర్త పోయినవాళ్లు, పుట్టింటా అత్తింటా దిక్కులేనివాళ్లు. వాళ్లకు తన పక్కన చోటిచ్చారు. రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషిగా ఆవిడకు దేశం నమస్కారం పెడుతుంది. నేను ఆ పాఠాలు చెప్పిన మనిషికి పెడతాను.

ఇంకొక విషయం. చెడ్డవాళ్ల దగ్గర కూడా నేర్చుకోవచ్చు అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మా ప్రెస్సు మూతపడ్డాక ఇంకొక చోట కొంతకాలం పనిచేశాను. అక్కడి యజమాని అచ్చైన పుస్తకంలో తప్పు కనిపిస్తే అందరి ముందూ నిలబెట్టి పైకి చదివించేవాడు. అందరికీ ఒకటే టెన్షన్. భయంతో చూసే కన్ను తప్పుల్ని పట్టదండీ, తప్పు ఎవరి మీదికి తొయ్యాలా అని చూస్తుంది. కంపోజిటర్లు ప్రూఫు రీడర్ మీద, ప్రూఫు రీడర్లు రచయిత రాత మీద వేసేవాళ్లం. అక్కడ పుస్తకాల్లో తప్పులు తగ్గలేదు, పెరిగాయి. ఇంట్లోనైనా ఆఫీసులోనైనా అలాంటి మనిషి పక్కన ఉండాల్సి వస్తే, ఇందులో ఏదో పాఠం ఉందని ఓర్చుకోకండి. వీలైతే బయటికి రండి. ముఖ్యంగా కొత్త పెళ్లికూతుళ్లకు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఈ మాట గట్టిగా చెబుతున్నాను. చాకిరీ చేయించుకుని విద్య చెప్పని గురువులు కూడా ఉంటారు. పక్కన కూర్చోబెట్టుకున్నంత మాత్రాన అందరూ మా ఫోర్‌మన్ గారు అయిపోరు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. డీటీపీ, అంటే కంప్యూటర్లోనే పేజీలు కంపోజ్ చేసే పద్ధతి, రాగానే కేసులు, గ్యాలీలు, టైపు అంతా సీసం ధరకు తూకం వేసి అమ్మేశారు. చేతుల్లో అంత పనితనం ఉన్న కంపోజిటర్లు వాచ్‌మన్లుగా, అటెండర్లుగా వెళ్లారు. ఆ బాధ గురించి మాట్లాడితే ఈ పూట చాలదు. వాళ్లలో ఒక కుర్రాడు, మా దగ్గర డిస్ట్రిబ్యూషన్‌తో మొదలుపెట్టినవాడే, ఎలాగో కష్టపడి డీటీపీ నేర్చుకుని నన్ను తన సెంటరుకు పిలిచాడు. "అక్కా, ఇటు కూర్చోండి" అని స్టూలు లాగి వేశాడు. తెర మీద వత్తులు ఎలా వస్తాయో, ఒక ఫాంటులో కొట్టింది ఇంకో ఫాంటులోకి మార్చితే అక్షరాలు ఎలా చెదిరిపోతాయో చూపించాడు. నాకంటే ఎంతో చిన్నవాడు. నేను తప్పు చెబితే దిద్దుకుంటూ, తను దిద్దినప్పుడు నాకు చూపిస్తూ పనిచేశాడు. స్వరం పెంచడు, ఎదుటివాళ్ల ముందు అనడు. అతని పక్కన కూర్చుంటే ఫోర్‌మన్ గారి పక్కన కూర్చున్నట్టే ఉండేది. అతనూ ఆయన దగ్గర పెరిగినవాడే కదా.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వస్తాను. మీలో చాలామంది ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు వైపు నుంచి, పెరుంబాక్కం, షోలింగనల్లూరు ఫ్లాట్లనుంచి వచ్చారు. ఇంట్లోంచే పని చేస్తారు. తలుపు మూసి ఉంటుంది, చెవులకు హెడ్‌ఫోన్ ఉంటుంది. పిల్లలకు అమ్మా నాన్నా రోజంతా ఇంట్లోనే ఉంటారు, కానీ వాళ్లు ఏం చేస్తారో తెలియదు. జీతం వచ్చిందని తెలుసు, విసుగ్గా బయటికి వచ్చారని తెలుసు. ఆ రెంటి మధ్యలో జరిగింది తెలియదు. మా తరంలో కుమ్మరి బిడ్డ సారె చూసింది, టైలరు కొడుకు కాజాలు కుట్టాడు, నా కూతురు నా ప్రూఫుల వెనకవైపు లెక్కలు చేసుకుంది. వాళ్లందరూ అదే వృత్తి పట్టుకోవాలని కాదు. పట్టుకోకపోవడమే చాలామందికి మేలైంది, కులానికొక పని అన్న కాలం మళ్లీ రావాలని నేను అననే అనను. పెద్దమనిషి ఒక కష్టమైన పని ముందు కూర్చుని ఓపిక పట్టడం ఎలా ఉంటుందో కళ్లతో చూడటం మాత్రం ప్రతి పిల్లకీ పిల్లాడికీ అవసరం. దానికి క్లాసులు లేవు, ఫీజు కట్టి చేర్పించలేం.

పెద్దవాళ్లకూ ఒక మాట చెప్పాలి. మనం పిల్లల్ని పిలిచి సలహాలు ఇస్తాం. వాళ్లు ఫోను చూసుకుంటూ ఊఁ కొడతారు. సలహా తగ్గించి, ఏదైనా పని పెట్టుకోండి. ఆవకాయ కలపండి, బ్యాంకుకు వెళ్లండి, ఆస్పత్రిలో ఉన్న స్నేహితుణ్ణి చూడటానికి వెళ్లండి. వాళ్లను తోడు రమ్మనండి. చావు ఇంటికి కూడా తీసుకెళ్లండి. అక్కడ ఏం మాట్లాడాలో, ఎంతసేపు ఊరుకోవాలో, వచ్చేటప్పుడు వెళ్లొస్తాను అని ఎందుకు చెప్పకూడదో పుస్తకం చదివి ఎవరూ నేర్చుకోలేరు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. టైము ఉందన్నారు, ఎవరైనా అడిగితే చెబుతాను.

(ఒక యువకుడు: "అమ్మా, మా పనంతా లాప్‌టాప్‌లోనే. మా పాపకు ఏడేళ్లు. పక్కన కూర్చోబెట్టుకుంటే దానికి ఏం కనిపిస్తుంది?")

మంచి ప్రశ్న, నాయనా. కోడు దానికి అర్థం కానక్కర్లేదు. నేను రాతప్రతి చదివేటప్పుడు మా అమ్మాయికి ఆ వ్యాసం అర్థమైందా? లేదు. ఆఫీసు రహస్యాలుండే మీటింగులు ఎలాగూ కుదరవు. మిగతా వేళల్లో చిన్న కుర్చీ వేసి, బొమ్మలు వేసుకోమను. నీతో పనిచేసేవాళ్లు ఎవరో తప్పు చేసి ఫోన్ చేస్తారు. అప్పుడు నువ్వు అతనితో ఎలా మాట్లాడతావో అది వింటుంది. సాయంత్రం దాకా తెగని చిక్కు ఒకటి ఉంటుంది, నువ్వు నీళ్లు తాగి వచ్చి మళ్లీ మొదటినుంచి చూస్తావు. అది చూస్తుంది. నెలాఖరున ఇంట్లో పనిచేసే అక్కకు జీతం ఇచ్చేటప్పుడు దాన్ని పక్కన పెట్టుకో. బల్ల మీద పడేస్తావా, చేతికిస్తావా అన్నది కూడా చూస్తుంది. అది పక్కన ఉంటే నీ మాట తీరు కూడా మారుతుంది, చూస్తూ ఉండు.

(ఒక విద్యార్థిని: "నాకు ఎవరైనా పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవాలని ఉంది. కానీ వెళ్లి ఏమని అడగాలో తెలీదు. మొహమాటంగా ఉంటుంది.")

నేర్పండి అని అడగకు తల్లీ. అలా అడిగితే వాళ్లు కంగారుపడి ఉపన్యాసం మొదలుపెడతారు. వాళ్లు చేస్తున్న పనిలో నీకు వచ్చిన చిన్న ముక్క ఏదో చూసి, "ఇది నేను చేసి పెట్టనా?" అను. ఒప్పుకుంటే రోజూ ఒకే టైముకు వెళ్లు. మొదటి కొన్నాళ్లు ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. మానేయకు. వాళ్లు నిన్ను మరిచిపోయి తమ పనిలో పడిపోయే రోజు ఒకటి వస్తుంది, చూడాల్సింది అప్పటినుంచే ఉంటుంది. ఇంకెవరి దాకానో ఎందుకు, ఈ సంఘం ప్రత్యేక సంచిక ప్రూఫులు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి పక్క హాల్లో కూర్చుంటాను. రాతప్రతి పైకి చదివేవాళ్లు ఒకరు నాకు కావాలి. నీకు తెలుగు చదవడం మెల్లగా వచ్చినా సరే. ప్రూఫు పనికి మెల్లగా చదివేవాళ్లే మంచిది. వస్తావా?

(విద్యార్థిని: "వస్తానమ్మా.")

సరే అయితే, పదింటికి. కళ్లజోడు ఉంటే మర్చిపోకుండా తెచ్చుకో, ఆ హాల్లో వెలుతురు తక్కువ.